ఎరుపు సరిపోదు

మరియాంపోలెలో డిసెంబరు.
నాలుగింటికే చీకటి. షెడ్డు రేకుల మీద మంచు బిగుసుకుంటోంది.
అమ్మమ్మ రొట్టెలు కాల్చిన ఓవెన్‌లో
నేను కారు దీపాలు కాలుస్తాను.
నూరు డిగ్రీలు, పన్నెండు నిమిషాలు.
జిగురు మెత్తబడి అద్దం పెదవి విప్పే క్షణం
వేళ్ళకే తెలిసిపోతుంది.

ఈ కారుది ఒహాయో.
నలిగిన కుడి రెక్క, సీటు కింద ఎవరిదో పార్కింగు చీటీ:
మూడు డాలర్లు, మంగళవారం.
ఆ మంగళవారం ఏం జరిగిందో కారు చెప్పదు.
క్లైపెద రేవులో దిగిన దగ్గర్నుంచి
దైనొరా టీచరు రోజూ ఫోను:
శుక్రవారానికి అవుతుందా?

అక్కడి చట్టానిది పెద్ద మనసు.
వెనక తిరుగుడు దీపం ఎరుపైనా సరే, అంబరైనా సరే.
సరే అన్నచోట చవకదే గెలుస్తుంది.
ఒకటే ఎర్ర బల్బు,
ఆగుతున్నానన్నా అదే, తిరుగుతున్నానన్నా అదే,
ఒక్క మాటతో కాపురం నెట్టుకొచ్చే మా బాబాయిలా.

మా దగ్గర కుదరదు.
తిరిగేవాడు తేనెరంగులోనే చెప్పాలి.
వెనక ఎడమవైపు పొగమంచు కోసం ఇంకో దీపం.
ముందు వెలుగు కుడి గట్టు మీదికి ఎక్కాలి,
ఎదురొచ్చేవాడి కంట్లో పొడవకూడదు.

అద్దం ఊడింది.
లోపల మూడు గదులు.
రెండింట్లో బల్బులు. మూడోది ఖాళీ.
గోడలకి వెండి పూత వేసి మరీ
బల్బు కన్నానికి ప్లాస్టిక్ బిళ్ళ బిగించారు.
గీసినవాడికి తెలుసన్నమాట!
రెండు ఖండాల నిబంధనలు చెరో మోచేతి కింద పెట్టుకుని
ఒకరికి అక్కర్లేని గదిని
ఇంకొకరి కోసం కట్టి, తలుపేసి వెళ్ళిపోయాడు.
కొత్త కారు చూసి జనం
ఏం కళ్ళు, ఏం కళ్ళు అంటారు.
ఆ కంటి కొస ఎంత సాగాలో తేల్చింది
ఏ కమిటీ గదిలోనో
ఆవులింత ఆపుకుంటూ ఎత్తిన చేతులు.

ఖాళీ గదిలో ఒక దీపప్పురుగు.
ఎండి, ఉల్లిపొరలా.
పగులులోంచి దూరి ఉంటుంది.
మూడు గదుల్లోనూ వెలగనిదాన్నే ఎంచుకుంది, పిచ్చి ముండ.
మా సముద్రం ఒడ్డుకి తోసే తేనె రాళ్ళలో
ఇలాంటివే ఉంటాయి, కోట్ల ఏళ్ళ నాటివి.
అమ్మమ్మ మెడలో ఒకటుండేది, దోమతో సహా.
ఆ రాయి పేరే
అమెరికా చట్టంలో ఈ రంగు పేరు.
పురుగుని అగ్గిపెట్టెలో దాచాను. ఎందుకని అడక్కండి.

బిళ్ళ కోశాను. బల్బు పెట్టాను, తీగ లాగాను, అద్దం అతికించాను.
ఆ గది మొదటిసారి వెలిగింది.

తనిఖీ చేసేవాడు సౌలియస్.
మా భాషలో ఆ పేరులో సూర్యుడున్నాడు.
టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు,
అద్దం మూలల్లో వెతికాడు, పెదవి విరిచాడు.
చిన్న సున్నా, సున్నాలో ఒక అక్షరం, పక్కన అంకె.
అది లేదు.
"వెలుగుతోంది కదయ్యా."
"వెలుగు కనిపిస్తోంది జివిలె. ముద్ర కనిపించట్లేదు."

గురువారం, పోలండు తుక్కు కొట్టు నుంచి
ఇదే దీపం, ఇదే అచ్చు,
మూడో గదిలో పుట్టుకతోనే బల్బు, అద్దం మూల సున్నా.
తొంభై యూరోలు.
సౌలియస్ ఈసారి వెలిగించి చూశాడో లేదో, సంతకం పెట్టేశాడు.

శుక్రవారం మంచు కురుస్తోంది.
దైనొరా గేటు దాటింది, కూడలి దగ్గర
తేనెచుక్క మూడుసార్లు కొట్టుకుంది.
వెనకాల కలప లారీ
అర్థమైనట్టు నెమ్మదించింది.

నా ఒహాయో దీపాన్ని పారేయలేదు.
షెడ్డు తలుపు పైన మేకుకి తగిలించి కరెంటిచ్చాను.
రాత్రంతా మిణుకుతూ
ఎడమకి తిరుగుతున్నా, ఎడమకి తిరుగుతున్నా అంటుంది
ఎక్కడికీ కదలని షెడ్డు.